వారం వారం మీటింగ్ కావాలా, నెలకు రెండు చాలా? రోటరీ, లయన్స్ వాళ్ళు మీ అభిప్రాయం చెప్పండి

గోదారి సెక్రటరీ:
అందరికీ నమస్కారం. మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌన్. మా రోటరీ క్లబ్బులో (ఊళ్ళో సేవా పనులు చేసే క్లబ్బు) 34 మంది సభ్యులం. ప్రతి మంగళవారం రాత్రి ఎనిమిదింటికి మీటింగ్. గడిచిన మూడు నెలల్లో ఏ మంగళవారమూ 13 మందికి మించి రాలేదు. హాలు వాళ్ళకి మాత్రం 25 ప్లేట్లు చెప్పాల్సిందే, అంతకు తక్కువకి వాళ్ళు ఒప్పుకోరు. మిగిలిన ప్లేట్ల డబ్బు సభ్యుల చందాల్లోంచే పోతోంది.

2016లో రోటరీ కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్, అంటే రోటరీ నియమాలు మార్చే సభ, క్లబ్బులకు వెసులుబాటు ఇచ్చింది. అంతకు ముందు వారానికో మీటింగ్ తప్పనిసరి. ఇప్పుడు నెలకు కనీసం రెండు పెడితే చాలు, ఆన్‌లైన్‌లో పెట్టుకున్నా సరే, క్లబ్బు బైలాస్ (సొంత నియమాలు) మార్చుకోవాలి అంతే. మా బోర్డు ఆ ప్రతిపాదన తెచ్చింది. వచ్చే నెల మొదటి మంగళవారం ఓటింగ్. సభ్యులు రెండుగా చీలిపోయారు. పెద్దవాళ్ళలో ఇద్దరు "వారం మీటింగ్ తీసేస్తే మేం రాజీనామా చేస్తాం" అన్నారు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

నేను మార్పు వైపే ఉన్నాను. ప్రతి వారం ఫోన్లు చేసి "ఈసారైనా రండి సార్" అని బతిమాలడానికి నాకు నాలుగు రోజులు పడుతోంది. ఆ నాలుగు రోజులూ ఏదైనా పని మీద పెడితే బాగుంటుందని నా బాధ. వేరే ఊళ్ళ క్లబ్బుల్లో ఎలా నడుస్తోందో చెప్పండి.

పాత రొటేరియన్:
సెక్రటరీ గారూ, నేను 1991లో చేరాను. ఎరువుల షాపు మాది. మీ ఇబ్బంది నాకు తెలుసు, రెండుసార్లు నేనూ సెక్రటరీగా చేశాను. అయినా మీ ప్రతిపాదనకి నేను వ్యతిరేకం.

ఈ సంస్థ ఎలా మొదలైందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక మైనింగ్ ఇంజనీరు, ఒక టైలరు, నలుగురూ కలిసి కూర్చున్నారు. హారిస్ వెర్మాంట్‌లో చిన్న ఊళ్ళో పెరిగినవాడు. అంత పెద్ద నగరంలో తన ఊళ్ళో ఉన్నట్టు పలకరించే మనిషి లేక వాళ్ళను పోగుచేశాడు. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్ళు. అందుకే రోటరీ అన్న పేరు. సేవ తర్వాత వచ్చింది. 1907లో షికాగోలో జనం కోసం మరుగుదొడ్డి కట్టించే పని మొదలుపెట్టారు. ముందు స్నేహం కుదిరింది, ఆ స్నేహంలోంచి పని పుట్టింది. మీరు మొదటిదాన్ని తగ్గించి రెండోదాన్ని పెంచుతామంటున్నారు. అది జరగదని నా అనుభవం.

ఒక సంగతి చెబుతాను. మా క్లబ్బుకి శవాల్ని ఉంచే ఫ్రీజర్ బాక్స్ ఒకటి ఉంది. పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న ఇళ్ళవాళ్ళు అడిగి తీసుకెళతారు. ఒక గురువారం మీటింగ్‌లో, టిఫిన్ తినేటప్పుడు, మా సభ్యుడొకరు మాటల మధ్య "మొన్న బాక్స్ సరిగ్గా కూల్ అవలేదట" అన్నాడు. అది ఎజెండాలో లేదు. పక్కనే కూర్చున్న ఏసీ మెకానిక్ సభ్యుడు మర్నాడు పొద్దున్నే వెళ్ళి కంప్రెసర్ చూశాడు. శనివారం రాత్రి మా పక్క వీధిలో ఒకావిడ పోయింది. కొడుకు మెల్‌బోర్న్ నుంచి వచ్చేదాకా రెండు రోజులు ఆమెను అందులోనే ఉంచారు. నెలకు రెండే మీటింగులయితే ఆ మాట ఆ వారం వచ్చేదా?

నైట్ డ్యూటీ డాక్టర్:
పెద్దవారు చెప్పిన ఫ్రీజర్ బాక్స్ సంగతి చదివి నాకు కళ్ళు చెమర్చాయి. అయినా ఇంకో వైపు కూడా చెప్పాలి.

నేను గైనకాలజిస్టుని, తెలంగాణలో ఒక మున్సిపల్ టౌన్‌లో ప్రాక్టీసు. మా క్లబ్బులో ఆడవాళ్ళం నలుగురమే. ప్రపంచమంతా ఆడవాళ్ళని చేర్చుకోవడానికి రోటరీ ఒప్పుకుంది 1989లో, అదీ అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు ఇచ్చాక. అంటే వారం వారం రావాలన్న నియమం పెట్టినప్పుడు, రాత్రి ఇంట్లో వంట చేసి పిల్లల్ని పడుకోబెట్టాల్సిన మనిషి ఆ గదిలో ఒక్కరూ లేరు. ఎనిమిది గంటల మీటింగ్ ఎనిమిదీ నలభైకి మొదలవుతుంది. ప్రెసిడెంట్ మెడలో కాలర్ వేయడం, గంట, ప్రార్థన, ఫోర్ వే టెస్ట్ (రోటరీ వాళ్ళు చదివే నాలుగు ప్రశ్నలు), వేదిక మీదికి ఆహ్వానాలు, ఒక్కొక్కరికీ బొకే, పోయిన వారం రిపోర్టు. అసలు విషయానికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. పదిన్నరకి భోజనం. మా అత్తగారు పిల్లలతో మేలుకుని కూర్చుంటారు. ఇలా నెలకు నాలుగుసార్లు ఆవిణ్ణి కూర్చోబెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

మేం నలుగురం బోర్డుకి రాసి ఇచ్చాం. మీటింగులు తగ్గించమని అడగలేదు. సాయంత్రం ఆరున్నరకి పెట్టి ఏడున్నరకి ముగించమన్నాం. "షాపులు మూసే టైమ్ కాదు కదమ్మా" అన్నారు. షాపు మూసే టైమ్ ఒక్కటే టైమ్ కాదని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మానేసినవాడు:
నేను స్టేషనరీ షాపు నడుపుతాను. మూడేళ్ళుండి బయటికి వచ్చేశాను. ఏ ఊరో, ఏ క్లబ్బో చెప్పను.

నేను చేరింది కంటి క్యాంపుల కోసం. మా నాన్నకి 1980ల్లో హైస్కూల్లో వేసిన క్యాంపులోనే శుక్లం తీశారు. చనిపోయేదాకా ఆ మందపాటి సోడాబుడ్డి అద్దాలతోనే చదువుకున్నారు. ఇప్పుడు ఊళ్ళో ఆపరేషన్లు చేయరు. పరీక్ష చేసి, శుక్లం ఉన్నవాళ్ళని బస్సులో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి, కంటి లోపలే లెన్స్ వేయించి, తిరిగి ఇళ్ళకి చేర్చాలి. ఆ బస్సు పని నేను పెట్టుకున్నాను. ఒక నెలలో వరసగా రెండు మీటింగ్ రోజులు ముసలివాళ్ళతో ఆసుపత్రి వరండాలోనే ఉన్నాను. ఇంకో రెండు వారాలు నాకే జ్వరం. నాలుగు మీటింగులకు రాలేదని నాకు నోటీసు వచ్చింది. సభ్యత్వం ఎందుకు తీసేయకూడదో చెప్పమని.

దానికి జవాబు రాయలేదు. చొక్కాకి పెట్టుకునే రోటరీ పిన్ను కవర్లో పెట్టి పంపించేశాను. ఆ ఏడాది నేను లెక్క రాసుకున్నాను. దాదాపు 40 మీటింగులకు వెళ్ళాను. ఊరి కోసం చేసినవి మూడు పనులు. అందుకే వారం వారం మీటింగ్ అంటే నాకు నచ్చదు.

పాత రొటేరియన్:
బాబూ, ఆ నోటీసు తప్పు. క్లబ్బు పెట్టుకున్న సేవా కార్యక్రమంలో పాల్గొంటే అది మీటింగ్‌కి వచ్చినట్టే లెక్క, దాన్ని మేకప్ అంటారు. వేరే ఊళ్ళో క్లబ్బు మీటింగ్‌కి వెళ్ళినా మేకప్పే. జ్వరమంటే సరైన కారణమే, బోర్డు ఒప్పుకుని తీరాలి. నీకు నోటీసు ఇచ్చినవాళ్ళు రూల్సు చదవలేదు. ఏ క్లబ్బయినా కానీ, ఒక రొటేరియన్‌గా నీకు క్షమాపణ చెబుతున్నాను.

నా సంగతి కూడా చెబుతాను. సభ్యుడిగా కనీసం 20 ఏళ్ళుండి, ఆ ఏళ్ళూ వయసూ కలిపి 85 గానీ అంతకు మించి గానీ అయితే హాజరు మినహాయింపు అడగొచ్చు. నాకు ఆ లెక్క ఎప్పుడో దాటిపోయింది. అయినా వెళతాను. మా ఆవిడ పోయిన ఏడాది నేను రెండు వారాలు వెళ్ళలేదు. మూడో గురువారం ఏడున్నరకి ముగ్గురు మా ఇంటి ముందు బండ్లు ఆపి "మాస్టారూ, చొక్కా వేసుకోండి" అన్నారు. అప్పటికే నెలకు రెండు మీటింగులయితే నేను రాలేదన్న సంగతి తెలియడానికే వాళ్ళకి నెల పట్టేది.

లయన్ మందుల షాపు:
నేను లయన్స్ వాణ్ణి, మాదీ రోటరీ లాంటి సేవా క్లబ్బే, చర్చలోకి రావచ్చనుకుంటాను. మాకు వారం మీటింగ్ ఆనవాయితీ లేదు. మామూలుగా నెలకు రెండు. దానివల్ల పని ఆగలేదు. 1925లో హెలెన్ కెల్లర్ ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభకి వచ్చి అంధత్వం మీద పోరాడమని అడిగింది. అప్పటినుంచి కంటి పని మాదే అనుకుని చేస్తున్నాం, నెలకు రెండు మీటింగులతోనే.

మా టౌన్‌లో రక్తం పని అంతా వాట్సాప్ గ్రూప్‌లోనే నడుస్తుంది. రాత్రి పదకొండింటికి ఓ నెగెటివ్ రక్తం కావాలంటే మీటింగ్ దాకా ఆగుతామా? ఫోన్ తీసి చూస్తాం, ఎవరు దగ్గర్లో ఉంటే వాళ్ళు వెళతారు. మీరందరూ మీటింగుల సంఖ్య దగ్గరే ఆగిపోతున్నారు.

నైట్ డ్యూటీ డాక్టర్:
లయన్ గారూ, అత్యవసరానికి వాట్సాప్ బాగా పనిచేస్తుంది, నా పేషెంట్లకి మీలాంటి వాళ్ళ వల్లే రక్తం దొరికింది. కానీ నాకు ఎక్కువ భయం ఏప్రిల్, మే నెలలంటే. కాలేజీలకి సెలవులు, దాతలు ఊళ్ళో ఉండరు. ఆగస్టు 15కి, నాయకుల పుట్టినరోజులకి ఒకేరోజు వందల యూనిట్లు తీస్తారు. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో ఉంచినా 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటాయి. ఒకసారి ఇచ్చిన మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు మళ్ళీ ఇవ్వకూడదు. అంటే ఎవరు ఎప్పుడు ఇవ్వాలో ముందే కూర్చుని పంచుకోవాలి. ఆ పంపకం గ్రూప్‌లో ఎవరూ చేయరు. మెసేజ్ చూసి వదిలేస్తారు. మనిషి ఎదురుగా కూర్చుని "మే రెండో వారం నీ వంతు" అంటే కాదనలేరు.

కంటి ఆపరేషన్ కూడా అంతే. తర్వాత నాలుగైదు వారాలు చుక్కలు వేయాలి. ఒంటరిగా ఉండే అవ్వకి ఎవరు వేస్తున్నారో వారానికోసారి ఎవరో ఒకరు అడగాలి. ఇది రాస్తుంటే నాకే అనిపిస్తోంది, నేను మొదట చెప్పిన దానికి కొంచెం అవతలి వైపు వెళుతున్నానని. వారానికోసారి కలవడం నాకు బరువు కాలేదు. ఆ రెండున్నర గంటలే బరువయ్యాయి.

టెక్సాస్ తెలుగు:
డాక్టరు గారి చివరి మాటకి నా వైపు నుంచి ఒక ఉదాహరణ. నేను డల్లాస్‌కి గంటన్నర దూరంలో చిన్న టౌన్‌లో ఉంటాను. ఇక్కడ మా రోటరీ మీటింగ్ బుధవారం మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా. ఎవరి భోజనం డబ్బు వాళ్ళే ఇచ్చుకుంటారు. పన్నెండుకి గంట కొడతారు, తింటూనే కబుర్లు, స్పీకరుకి 20 నిమిషాలు. ఒక వారం ఫైర్ చీఫ్, ఒక వారం లైబ్రేరియన్, ఒక వారం స్కూల్ బస్సులు నడిపే ఆవిడ. ఒంటిగంటకి గంట కొట్టగానే అందరూ లేచి ఆఫీసులకి వెళ్ళిపోతారు. శాలువాలు, దండలు ఉండవు. వచ్చిన స్పీకరుకి చెయ్యి కలిపి థాంక్స్ చెబుతారు, అంతే.

ఈ ఊరు వచ్చిన కొత్తలో మాకు తెలుగువాళ్ళెవరూ లేరు. ఆఫీసు, ఇల్లు తప్ప నా పేరు తెలిసిన మనిషి లేడు. ఆ బుధవారాల వల్లే హార్డ్‌వేర్ షాపాయన, పాస్టరు, ఆరో తరగతి టీచరు నాకు పరిచయమయ్యారు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి జారిపడి కాలు విరిగినప్పుడు ర్యాంపు తెచ్చి బిగించింది వాళ్ళే. పాత రొటేరియన్ గారు చెప్పింది ఇక్కడ నేను కళ్ళారా చూశాను. కాకపోతే మీటింగ్ గంటే ఉండాలి.

మానేసినవాడు:
అన్నీ చదివాను. పెద్దాయన క్షమాపణ చెప్పడం నాకు చాలా బరువుగా తోచింది, ఆయన చెప్పాల్సింది కాదు. ఆ మేకప్ సంగతి నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బహుశా ఉండేవాణ్ణి.

అయినా నా అభిప్రాయం మారలేదు. ఒక గంటకి కుదించినా పని లేని మీటింగ్ మీటింగే. మీటింగ్ పెట్టాల్సింది పని ఉన్న చోట. కంటి క్యాంపు వారం ఆసుపత్రి వరండాలో పెట్టండి, స్కూలుకి బెంచీలు ఇచ్చే వారం ఆ స్కూల్లోనే పెట్టండి. హాలు ఎందుకు?

పాత రొటేరియన్:
బాబు చెప్పింది న్యాయమే. పల్స్ పోలియో రోజుల్లో మేం చేసింది అదే. 1995లో అది మొదలైనప్పుడు ఎవరు ఏ బూత్, వ్యాక్సిన్ క్యారియర్లు ఎవరి స్కూటర్ మీద అన్నది ప్రభుత్వాసుపత్రి మెట్ల మీద కూర్చునే తేల్చుకునేవాళ్ళం. మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు నలుగురమే మిగిలాం. హాలు అలవాటు ఎప్పుడు అయిందో నాకే గుర్తు లేదు.

గోదారి సెక్రటరీ:
మీ అందరికీ ధన్యవాదాలు. నిన్న ఇదంతా మా ప్రెసిడెంట్ గారికి చదివి వినిపించాను. ప్రతిపాదన మార్చి రాశాం.

మీటింగ్ ప్రతి మంగళవారమూ ఉంటుంది, తగ్గించడం లేదు. హాలు మాత్రం నెలకు ఒక్కసారే, గెస్ట్ స్పీకర్ వచ్చినప్పుడు. మిగతా మంగళవారాలు ఒక్కోసారి ఒక్కో సభ్యుడి షాపులోనో ఆఫీసులోనో, లేదా ఆ వారం పని ఉన్న చోట. టీ, బిస్కెట్లు, అంతే. ఏడుకి మొదలు, ఎనిమిదికి ముగింపు. షాపులవాళ్ళు ఒక గంట కుర్రాళ్ళకి అప్పజెప్పి రావాలి, దాని మీద ఇంకా గొడవ ఉంది. బొకేలు, శాలువాలు పూర్తిగా తీసేద్దామంటే రోటరీ డిస్ట్రిక్ట్ గవర్నర్ విజిట్ ఒక్కదానికి ఉంచమన్నారు, సరే అన్నాను. సేవా పనికి వెళ్ళినవాళ్ళ హాజరు నేనే రాసి పెడతాను, వాళ్ళు అడిగేదాకా ఆగను. ఇది "మానేసినవాడు" గారి మాట వల్ల చేర్చింది.

రాజీనామా అన్న ఇద్దరు పెద్దల్లో ఒకాయన ఒప్పుకున్నారు. రెండో ఆయన ఇంకా ఏమీ అనలేదు. ఆదివారం వాళ్ళింటికి వెళుతున్నాను.

నైట్ డ్యూటీ డాక్టర్:
సెక్రటరీ గారూ, మీరు రాసిన ప్రతిపాదన కాపీ పంపగలరా? మా బోర్డుకి అదే పెడతాను. ఏడుకల్లా నా ఓపీ అయిపోతుంది, వెయిటింగ్ హాల్లో పన్నెండు కుర్చీలున్నాయి. మొదటి వారం మా క్లినిక్‌లోనే పెట్టమని అడుగుతాను.