సుంకి ఘాట్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ 125 డిగ్రీలు దాటుతోంది: తప్పు కూలర్‌దా, కన్వర్టర్‌దా?

మాది కోరాపుట్ జిల్లా జయపురం. ఆటోమేటిక్ గేర్ల డీజిల్ పికప్, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. సాలూరు నుంచి సరుకు తెస్తుంటాం. చదును రోడ్డు మీద గేర్‌బాక్స్ ఆయిల్ 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 800 కిలోల లోడుతో సుంకి ఘాట్ ఎక్కుతుంటే స్కానర్‌లో 125 దాటి వార్నింగ్ లైటు వెలుగుతోంది. ఇంజిన్ కూలెంట్ మాత్రం 92 దాటదు. ఖాళీ బండికి ఈ బాధ లేదు.

ఆయిల్, ఫిల్టర్ మార్పించాం, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోశాం. దించిన ఆయిల్ డికాక్షన్‌లా నల్లగా, మాడు వాసనతో వచ్చింది. లెవెల్ ఇంజిన్ ఆన్‌లో ఉంచే చూశారు. రేడియేటర్ రెక్కల్లో బురద కడిగించాం, ఫ్యాన్ బాగానే ఉంది. మాన్యువల్ మోడ్‌లో సెకండ్ గేర్ మీద ఎక్కితే ఓ 8 డిగ్రీలు తగ్గింది, అంతే.

నాకు అనుమానం వచ్చినవి రెండు. ఘాట్ మీద ఆపి న్యూట్రల్‌లో 1500 ఆర్‌పీఎం ఉంచినా పావుగంటకు 110కి కూడా దిగడం లేదు. గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌కి వెళ్లే పైపుకీ తిరిగొచ్చే పైపుకీ టెంపరేచర్ గన్‌తో చూస్తే తేడా 3 డిగ్రీలే, అంటే కూలర్ సరిగా పనిచేయడం లేదేమో. ఇక చదును రోడ్డు మీద 80 స్పీడులో యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆర్‌పీఎం 300 పెరుగుతుంది, స్పీడు పెరగదు. ఇది కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లోపలి లాకప్ క్లచ్, అంటే ఆ రెండింటినీ నేరుగా కలిపి బిగించే క్లచ్, జారడమేమో.

మెకానిక్ గేర్‌బాక్స్ దించి కన్వర్టర్ మార్చాలంటున్నాడు. అది చాలా పెద్ద ఖర్చు, ఊరికే పెట్టలేం. గేర్‌బాక్స్ దించకముందే తప్పు కూలర్‌దో, లాకప్ క్లచ్‌దో ఏ పరీక్షతో తేల్చుకోవచ్చు?