1930 జనవరి 26 నాటికకు ఏ జెండా కట్టాలి?

ప్రశ్న (అనంతపురం): ఎనిమిదో తరగతి పిల్లలతో 1930 నాటి స్వాతంత్ర్య దినం (కాంగ్రెస్ పిలుపు మీద జనం పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేసిన రోజు) నాటిక వేయిస్తున్నాం. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ రాట్నం ఉన్న జెండా సరిపోతుందా? కొలతలు కూడా చెప్పండి.

జవాబు (కడప): సరిపోదు సార్. అది 1931 ఆగస్టులో కాంగ్రెస్ ఒప్పుకున్న జెండా. 1930లో ఎగిరిందాంట్లో పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు. రాట్నం మూడు పట్టీల మీదా పరుచుకుని ఉండేది. 36 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ముక్కలు మూడు, కుట్టుకు ప్రతి అంచుకూ అర అంగుళం అదనం. ఎర్ర ఖద్దరును ముందే వేరుగా ఉతికి ఆరేయండి. లేకుంటే తడిసినప్పుడు రంగు దిగి, పక్కనున్న ఆకుపచ్చ అంచు మురికిరంగుకొస్తుంది. రాట్నం ముదురు రంగుతో గీయండి, తెల్ల పట్టీ మీద కూడా కనబడాలి కదా.

జవాబు (కర్నూలు): జెండా కన్నా సీన్‌లోనే ఎక్కువ తప్పులొస్తాయి. 1929 డిసెంబర్ 31 అర్ధరాత్రి లాహోర్‌లో రావి నది ఒడ్డున జెండా ఎగరేసింది వేరు, జనవరి 26 వేరు. రెండూ కలిపేస్తారు. 26న ఆదివారం, ఆ నెలలో ఆఖరిది. ఊరూరా జనం చేరి, ప్రతిజ్ఞ చేశారు, ఉపన్యాసాలు లేకుండా. నెహ్రూ వేషగాడికి పది నిమిషాల డైలాగ్ రాసి పెట్టుకుంటే కొట్టేయండి.

ప్రశ్న (అనంతపురం): తాడు ముడి విప్పితే పూలు రాలేట్టు పెట్టొచ్చా?

జవాబు (కడప): వద్దు సార్, అది ఇప్పటి గణతంత్ర దినం పద్ధతి. ఈ సీన్‌లో కింది నుంచే పైకి లాగించండి.