ఫాదర్ల కళాశాలలన్నీ ఒకటేనా? డిగ్రీ ప్రవేశానికి ముందు ఒక సందేహం

చిత్రావతి (అనంతపురం) అడిగిన ప్రశ్న

మా అబ్బాయి ఈ యేడు ఇంటర్ పూర్తి చేస్తున్నాడు. ఇంజనీరింగ్ వద్దు, డిగ్రీలో అర్థశాస్త్రం చదువుతానని పట్టుబట్టాడు. బెంగళూరు మాకు దగ్గర కాబట్టి క్రైస్ట్, సెయింట్ జోసెఫ్స్ పేర్లూ, రాష్ట్రం దాటనక్కరలేకుండా విజయవాడ ఆంధ్ర లయోలా పేరూ ఇంట్లో చర్చకు వచ్చాయి. బంధువుల్లో ఎవరిని అడిగినా "అవన్నీ ఫాదర్లవే, క్రమశిక్షణ బాగుంటుంది, కళ్లు మూసుకుని చేర్పించు" అంటున్నారు. నాకు మాత్రం అంత తేలికగా నమ్మకం కుదరడం లేదు. వాడు పదో తరగతి వరకు చదివిన బడి పేరులోనూ సెయింట్ ఉండేది గానీ, దాన్ని నడిపింది ఒక వ్యాపార కుటుంబం. అక్కడ ఒక ఫాదర్‌ను గానీ సిస్టర్‌ను గానీ నేను చూడలేదు.

ఈ మూడు సంస్థలనూ నడిపేది ఒకే సభా (సభ అంటే ఫాదర్లు లేదా సిస్టర్లు చేరే సన్యాస సంఘం)? వేర్వేరు సభలైతే ఆ తేడా విద్యార్థికి ఏమైనా తగులుతుందా? మేము క్యాథలిక్కులం కాము కనుక మతబోధ సంగతి కూడా తెలుసుకోవాలనుకుంటున్నాను. ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్థాపకులు ఫెర్రర్ గారు జెస్యూట్ అని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. మరి ఆ సంస్థకూ ఈ కళాశాలలకూ సంబంధం ఉందా?

విశ్రాంత అధ్యాపకుడు (కడప)

అయ్యా, మీరు చెప్పిన మూడింటిలో రెండు ఒక సభవి, మూడోది వేరే సభది. ఆంధ్ర లయోలా, బెంగళూరు సెయింట్ జోసెఫ్స్ యేసు సభకు చెందినవి. జెస్యూట్లు అంటే వీరే. స్పెయిన్ దేశపు ఇగ్నేషియస్ లయోలా స్థాపించిన ఈ సభకు 1540లో పోప్ ఆమోదం లభించింది. క్రైస్ట్‌ను నడిపేది సి.ఎం.ఐ. అని పిలిచే కార్మెలైట్ సభ. అది మన దక్షిణ దేశంలోనే, కేరళలోని మాన్నానంలో 1831లో పుట్టింది. దాని స్థాపకులలో ఒకరైన కురియాకోస్ ఎలియాస్ చావరను 2014లో పునీతుడిగా ప్రకటించారు. ఆ సభ 1969లో బెంగళూరులో ప్రారంభించిన క్రైస్ట్ కళాశాల 2008లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది.

పేరును బట్టి సభను ఊహించకండి. సెయింట్ జోసెఫ్స్‌నే తీసుకుంటే, 1882లో దాన్ని స్థాపించింది ఫ్రాన్స్ దేశపు విదేశీ మిషన్ల సంఘంవారు. జెస్యూట్ల చేతికి వచ్చింది 1937లో. విశ్వవిద్యాలయంగా మారింది 2022లో. జోసెఫ్ పేరుతో దేశమంతటా ఎన్నో సభల బడులున్నాయి, ఏ సభకూ చెందనివి అంతకంటె ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు.

క్యాథలిక్ సంస్థలలోనే మళ్లీ రెండు రకాలున్నాయన్నది మన జిల్లాలలో చాలామంది గమనించరు. ఒకటి మేత్రాసనం నడిపేది, రెండోది సభ నడిపేది. మేత్రాసనం అంటే ఒక బిషప్పు పాలనలో ఉండే ప్రాంతం; కర్నూలు మేత్రాసనం 1967లో, కడప మేత్రాసనం 1976లో ఏర్పడ్డాయి. మేత్రాసనం నడిపే బడికి పై అధికారి బిషప్పు. సభ నడిపే బడికి పై అధికారి ఆ సభ ప్రొవిన్షియల్, అంటే ఆ ప్రాంతంలో సభకు పెద్ద. జెస్యూట్ కళాశాలలో రెక్టర్ అక్కడి గురువుల సమాజానికి పెద్ద, ప్రిన్సిపాల్ చదువుల బాధ్యుడు, కరస్పాండెంట్ యాజమాన్యం తరఫున ప్రభుత్వంతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే వ్యక్తి. వీరిలో ఎవరికీ ఆ సంస్థ సొంత ఆస్తి కాదు. పేదరికపు మాటపట్టు (సొంత ఆస్తి ఉంచుకోమన్న ప్రతిజ్ఞ) తీసుకున్నవారు కనుక వారికి వచ్చే జీతం కూడా సభకే చేరుతుంది. కళాశాల కొడుక్కో అల్లుడికో సంక్రమించే ప్రసక్తి లేదు. నా దృష్టిలో ఇతర ప్రైవేటు కళాశాలలకూ వీటికీ ఉన్న అసలు తేడా ఇదే. క్రమశిక్షణ గురించి లోకం చెప్పుకునేదానికి నేను అంత విలువ ఇవ్వను.

దీనికి మరో వైపు కూడా ఉంది. మంచి ప్రిన్సిపాల్ కుదురుకునేలోగా, బ్యాంకు మేనేజరుకు వచ్చినట్టే, ఆయనకు బదిలీ ఉత్తర్వు వస్తుంది. తరువాత వచ్చినవారికి గ్రంథాలయం మీద ఆసక్తి ఉండవచ్చు, కొత్త భవనాల మీద ఉండవచ్చు. పైగా తరగతి గదిలో పాఠం చెప్పేవారిలో అత్యధికులు మనవంటి సంసారులే, ఫాదర్లు కారు. కాబట్టి సభ పేరు చూసి మురిసిపోవడం కంటె అర్థశాస్త్ర విభాగంలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, ఏటేటా మారే తాత్కాలికులు ఎందరు అని అడగడం మీ అబ్బాయికి ఎక్కువ మేలు చేస్తుంది.

జెస్యూట్లకు చదువులో అనుభవం పాతదన్న మాట మాత్రం నిజం. బయటి విద్యార్థుల కోసం వారు మొదటి కళాశాలను 1548లో సిసిలీలోని మెస్సీనాలో తెరిచారు. ఏ తరగతిలో ఏది ఎలా బోధించాలో నిర్దేశించే విద్యాప్రణాళికను 1599లో ప్రకటించారు. 1773లో పోపే ఆ సభను రద్దు చేసి, 1814లో మరో పోప్ పునరుద్ధరించడంతో నడుమ ఎన్నో కళాశాలలు చేజారాయి. మన వైపు చూస్తే, 1844లో నాగపట్నంలో మొదలైన వారి కళాశాల 1883లో తిరుచిరాపల్లికి తరలింది, 1925లో మద్రాసు లయోలా వచ్చింది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే విజయవాడలో ఆంధ్ర లయోలా ప్రారంభమైంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

పెద్దలు చెప్పినదానికి ఒక చిన్న ఉపాయం చేరుస్తాను. ఏ సంస్థ ఎవరిదో తెలుసుకోవడానికి గోడమీది విగ్రహాలు చూడనక్కరలేదు, ఫీజు రసీదు చూస్తే చాలు. కళాశాల పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని కిందనో, కాగితం అడుగుననో, నడిపే సొసైటీ లేదా ట్రస్టు పేరు చిన్న అక్షరాలతో ఉంటుంది. ఆ చిన్న అక్షరాల పేరుతోనే సొసైటీల రిజిస్ట్రేషన్ ఉంటుంది. మా ఊళ్లో ఒక సెయింట్ బడి రసీదు మీద ఒక కుటుంబ ట్రస్టు పేరు చూశాక మేము అడిగే ప్రశ్నలే మారిపోయాయి. చదువు బాగానే ఉందని తెలిసి అక్కడే చేర్పించాము, అది వేరే సంగతి.

అమ్మాయిల కోసం వెతికేవారు ఎవరైనా ఇది చదువుతుంటే, విజయవాడ మారిస్ స్టెల్లా, ఏలూరు సెయింట్ థెరీసా రెండూ సిస్టర్ల కళాశాలలే అయినా రెండు వేర్వేరు సభలవని గుర్తుంచుకోవాలి. మొదటిది ఫ్రాన్సిస్కన్ సిస్టర్లది, రెండోది జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సభది.

పెన్నాతీరం (న్యాయవాది, కడప)

మతబోధ గురించి అడిగారు కనుక చట్టం వైపు నుంచి చెబుతాను. ప్రభుత్వ గుర్తింపు గానీ ఆర్థిక సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో, విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుడి సమ్మతి లేకుండా, అతణ్ణి మతబోధలో గానీ ప్రార్థనలో గానీ పాల్గొనమని నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో నిబంధన చెబుతోంది. ఆచరణలో ఈ సంస్థలలో సాధారణంగా క్యాథలిక్ విద్యార్థులకు సత్యోపదేశం (వారి మతబోధ), తక్కినవారికి అదే సమయంలో నీతిబోధ తరగతి ఉంటాయి.

సంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు మైనారిటీలకు 30వ అధికరణం ద్వారా వచ్చింది. ఆ హక్కు హద్దులను సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1974లో వివరంగా పరిశీలించినది జెస్యూట్లదే అయిన అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులోనే. నిర్వహణ హక్కు ఉందంటే ఇష్టం వచ్చినట్టు చెడగొట్టే హక్కు ఉందని కాదు. అధ్యాపకుల అర్హతలు, చదువు ప్రమాణాల విషయంలో సమంజసమైన నియంత్రణ చెల్లుతుంది. ప్రభుత్వ సాయం పొందే సంస్థ అయితే మతం, కులం, భాష కారణంగా మాత్రమే ప్రవేశం నిరాకరించకూడదని 29వ అధికరణం చెబుతోంది. ప్రవేశ ప్రకటనలో క్యాథలిక్ విద్యార్థులకు కొన్ని సీట్లు కేటాయించి ఉంటే మీరు కంగారు పడనక్కరలేదు, మీ అబ్బాయి పోటీ పడేది మిగతా సీట్లకు.

చిత్రావతి (అనంతపురం)

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆర్.డి.టి. సంగతి మిగిలిపోయింది. అలాగే పులివెందులలోనూ లయోలా పేరుతో డిగ్రీ కళాశాల ఉంది కదా, అది కూడా విజయవాడ వారిదేనా? అక్కడైతే మాకు మరీ దగ్గర.

విశ్రాంత అధ్యాపకుడు (కడప)

విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్‌గానే భారతదేశానికి వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పనిచేశారు. 1969లో అనంతపురం చేరుకున్నారు, తరువాత సభను విడిచి వివాహం చేసుకున్నారు. ఆర్.డి.టి. ఆయన స్థాపించిన స్వతంత్ర సంస్థ, యేసు సభది కాదు. కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపకండి.

పులివెందులలో వై.ఎస్. కుటుంబం స్థాపించిన డిగ్రీ కళాశాల, పాలిటెక్నిక్ తరువాత లయోలా సంస్థలకు అప్పగించారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు స్వయంగా కొంతకాలం విజయవాడ లయోలాలో చదివినవారే. మీకు కావలసిన విషయాల కలయిక అక్కడ ఉందో లేదో ఒక్కసారి వెళ్లి కనుక్కోండి. డిగ్రీ పట్టా ఎవరి పేరుతో వస్తుందన్నది కూడా చూసుకోవాలి: క్రైస్ట్, సెయింట్ జోసెఫ్స్ తమ పేరుతోనే ఇస్తాయి, ఆంధ్ర లయోలా స్వయంప్రతిపత్తి గల కళాశాలే గానీ విశ్వవిద్యాలయం కాదు కనుక పట్టా కృష్ణా విశ్వవిద్యాలయానిది. మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ బెంగళూరుకు వర్తించదన్నది మరవకండి.

ఒక హెచ్చరిక చెప్పి విరమిస్తాను. క్రైస్ట్ తన ప్రవేశ పరీక్షను తానే జరుపుకుంటుంది. దాని పొట్టిపేరు, కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష పొట్టిపేరు రెండూ సి.యు.ఇ.టి.యే కావడంతో, ఒకదానికి దరఖాస్తు చేసి రెండోదానికి కూడా చేసేశామనుకునే పిల్లలుంటారు. రెండింటికీ దరఖాస్తులు వేరు, గడువు తేదీలు వేరు.