అప్‌డేట్: పాపకు ‘ఋత్విక’ పేరే ఖాయం చేశాము

‘ఋత్విక’ అనే పేరును ‘రుత్విక’ అని పలకాలా, ‘రిత్విక’ అని పలకాలా, ఇప్పటికే అందరూ పెట్టేస్తున్న పేరా అని నెల క్రితం నేను అడిగిన ప్రశ్నకు ఓపికగా బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో బారసాల జరిగింది. పళ్లెంలో పరచిన బియ్యంలో మావారు ఉంగరంతో పేరు రాస్తూ ఋకారం చివరి వంపు దగ్గర ఆగి, గింజలు సర్ది మళ్లీ దిద్దుతుండగా, మా అమ్మమ్మ తడుముకోకుండా ‘రుత్విక’ అని చదివింది.

సంస్కృతంలో అచ్చు అయిన ఋకారాన్ని తెలుగువారు ‘రు’ అని, హిందీవారు ‘రి’ అని పలుకుతారు కనుక ఏదీ తప్పు కాదని మీలో ఒకరు చెప్పిన మాటతో నా సందేహం తీరింది. అమ్మమ్మ కాలంలో సుబ్బమ్మలు, అమ్మ కాలంలో పద్మలు ఇంటింటా ఉండేవారు. ఇప్పుడు మా వీధిలోనే ‘విక’తో ముగిసే పేర్లున్న పిల్లలు ముగ్గురున్నారు, అయినా నాకు బెంగ లేదు.

పేరు లేకుండా నమోదైన జననానికి 12 నెలల్లోపు రుసుము లేకుండానే పేరు చేర్చుకోవచ్చు కనుక, ఇంగ్లీషులో ‘ఆర్’ తరువాత ‘యూ’ వచ్చేలా దరఖాస్తు ఇచ్చాము. నిన్న ధ్రువపత్రం చేతికి వచ్చింది, అక్షరాలు సరిగ్గా ఉన్నాయి.