కోనసీమ దిండి దగ్గర ఇల్లు హోమ్‌స్టేకి ఇవ్వొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

మండువా లోగిలి: దిండి దగ్గర తాతగారి ఇల్లు ఖాళీగా ఉంది. హోమ్‌స్టేకి అడుగుతున్నారు. అద్దె ఎంత అడగాలి, పర్మిషన్లు ఏం కావాలి? ఊళ్ళో మాట పడతామేమోనని టెన్షన్‌గా ఉంది.

కొబ్బరితోట: ఇవ్వకండి. మా పక్క తోటలో కాటేజీలు వేశారు. సంక్రాంతికి మూడు రాత్రులు డీజే, అమ్మకి బీపీ పెరిగిపోయింది. పండగయ్యాక కొబ్బరికాయలు దింపు తీయడానికొచ్చిన మనిషి చెట్టు దిగి పగిలిన సీసా మీద కాలేశాడు. ఐదు కుట్లు. ఆయన కూలి ఎవరిస్తారు?

గోదారి ఆడపడుచు: మేం రేవులో బట్టలు ఉతుక్కుంటుంటే నెత్తి మీదకి డ్రోన్ తెచ్చారండీ. ఆ వీడియో మా తమ్ముడి ఫోన్‌కే వచ్చింది. పిన్ని ఆ రోజు నుంచి రేవుకి వెళ్ళడం లేదు.

పూతరేకులమ్మ: అందరూ తిట్టకండి. మాది ఆత్రేయపురం. 2023లో పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది మా ఊరి సరుకే అన్న గుర్తింపు వచ్చింది. కుండ మీద రేకు తీయడం చూడ్డానికే కార్లు ఆపుతున్నారు. ఆ డబ్బుతోనే పిల్లని ఇంజనీరింగ్‌లో చేర్చాం. సంక్రాంతికొచ్చినవాళ్ళకి పులస పులుసు కూడా పెట్టాం.

వలకాడు: సంక్రాంతికి పులస ఎక్కడిదమ్మా?

పూతరేకులమ్మ: పులస అని చెప్పే అమ్మారు. మా వంటని దొంగసరుకు అంటారా?

వలకాడు: వంటని అనలేదు, చేపని అన్నాను. ముప్పై ఏళ్ళు వల వేశాను. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వరద నీటికి ఎదురీది గోదావరిలోకి ఎక్కితేనే పులస. ఆ రోజులు జూలై నుంచి సెప్టెంబరు దాకానే. బయటినుంచి ఐసులో వచ్చిన ఇలసని టూరిస్టులకి పులస అని అంటగడుతున్నారు. రేపు మేం అసలుది తెచ్చినా ఎవరు నమ్ముతారు?

కొబ్బరితోట: కాలికి కుట్లు పడిన మనిషి గురించి చెబితే చేప గొడవేంటండీ!

వలకాడు: మాకు కూడు పెట్టేది చేపే సార్. మాట తూలకండి.

లంకవాసి: బోట్ల సంగతి ఎవరూ ఎత్తరేం? 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి అంతమంది పోయారు. మొన్న మా చుట్టాలని ఎక్కించినాయన లైఫ్ జాకెట్లు ఒళ్ళో పెట్టి ఊరుకున్నాడు. బెల్టులు నేనే బిగించాను.

మండువా లోగిలి: ఆడపడుచు గారూ, మా పెరటి రేవు కూడా వీధిలో ఆడవాళ్ళంతా వాడేదే. నాకు తట్టనే లేదు. ముందు వాళ్ళని అడుగుతాను. పర్మిషన్ల గురించి ఎవరైనా చెప్పండి.

వలకాడు: పూతరేకులమ్మా, ఆగస్టులో వరద ఎర్రనీళ్ళు వచ్చాక యానాం రండి. రెండు చేపలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.