తహసీల్దారుకు రాసే అర్జీలో ‘బిసీచ్’ అనొచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
నాన్నగారు పోయాక ఆయన పేరున ఉన్న భూమి మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కోసం అర్జీ పెట్టాలి. ఒడియా రాయడం రాదు, ఇంగ్లీషులోనే రాస్తున్నాను. చివర ‘ఐ బిసీచ్ టు యువర్ గుడ్ సెల్ఫ్’ అంటే మర్యాదగా ఉంటుందా? బిసీచ్, ఇంప్లోర్, ఎన్‌ట్రీట్, ప్లీడ్ అన్నిటికీ డిక్షనరీలో ‘వేడుకొను’ అనే ఉంది. తేడా ఏమిటండీ? బిసీచ్‌కి పాస్ట్ టెన్స్ ఏది?

జవాబు (రాయగడ, ఇంగ్లీషు టీచరు)
ముందు ఆ ‘టు’ తీసేయండి. బిసీచ్ పక్కనే ఎవరిని వేడుకుంటున్నామో వాళ్లు రావాలి, ‘టు’ ఆ తర్వాత పనికి తగలాలి: ‘షీ బిసాట్ హిమ్ టు స్టే’. ‘మీకు మనవి’ అనే అలవాటులోని ‘కు’ ఇంగ్లీషులో ‘టు’గా జొరబడుతుంది. ‘ఐ రిక్వెస్ట్ టు యూ’ అనే తప్పూ అలా పుట్టిందే. ‘మై రిక్వెస్ట్ టు యూ’ మాత్రం ఒప్పే, అక్కడ అది నామవాచకం. ప్లీడ్‌కి మనిషి ముందు ‘విత్’ తప్పనిసరి: ‘ప్లీడ్ విత్ హిమ్’.

పాస్ట్ టెన్స్ బిసాట్. బిసీచ్డ్ కూడా చెల్లుతుంది. సీక్‌కి సాట్ వచ్చినట్టే ఇదీ, ఎందుకంటే బిసీచ్ లోపల ఉన్నది ఆ సీకే. స్పెల్లింగులో ఎస్ తర్వాత రెండు ‘ఇ’లు. టీచ్, బీచ్ అలవాటులో పిల్లలు ‘ఇ-ఎ’ రాసేస్తారు.

ఇంప్లోర్‌లో ఏడుపు ఉంది. లాటిన్‌లో ప్లోరారే అంటే ఏడవడమే. బిడ్డ ప్రాణం కోసం కాళ్లావేళ్లా పడేచోట ఆ మాట సరిపోతుంది. ఎన్‌ట్రీట్‌లో కన్నీళ్లకంటే ఒప్పించాలన్న పట్టు ఎక్కువ, మన గడ్డం పట్టుకుని బతిమాలడం లాంటిది. బిసీచ్ ఇప్పటి మాటల్లో అరుదు. చర్చి ప్రార్థనల్లో, పాత నాటకాల్లో వినిపిస్తుంది.

జవాబు (బరంపురం, కోర్టు అర్జీలు రాసే పని)
అర్జీలో ఈ నాలుగూ వద్దు బాబూ. వారసుల పేర్లు ఎక్కించడం ఎవరి దయా కాదు, మీ హక్కు. ఆఫీసులో చూసేది మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, విస్తీర్ణం, మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం. వీటిలో ఒక్క నంబరు పట్టాతో కలవకపోతే ఎంత బతిమాలినా కాగితం కదలదు. చివర ఒక్క వాక్యం చాలు: ‘ఐ రిక్వెస్ట్ యూ టు రికార్డ్ ద నేమ్స్ ఆఫ్ ద లీగల్ హెయిర్స్’.

కోర్టు పిటిషన్ల చివర ఉండే ‘షల్ ఎవర్ ప్రే’ (ఎప్పటికీ ప్రార్థిస్తాను) చూసి అర్జీలోకి ఎత్తకండి. అది కోర్టు ఆచారం. అక్కడ ‘ప్రేయర్’ అంటే మనం ఏ ఉత్తర్వు కోరుతున్నామో స్పష్టంగా చెప్పే భాగం. ప్లీడ్ కూడా అంతే: కోర్టులో వాదం వినిపించడం, ప్లీడరు అనే మాట అందులోంచి వచ్చిందే. ‘ప్లీడ్ గిల్టీ’ అంటే నేరం ఒప్పుకోవడం.

ప్రశ్న వేసినవారు
‘ఐ హంబ్లీ రిక్వెస్ట్’ అనొచ్చా అండీ?

జవాబు (బరంపురం)
అనొచ్చు, ఒక్కసారే. అమ్మ, అక్కచెల్లెళ్ల పేర్లు వారసుల ధ్రువపత్రంలో ఏ స్పెల్లింగుతో ఉన్నాయో అర్జీలోనూ అదే రాయండి.