తూము తాళంచెవి ఎవరి మొలలో ఉండాలి?

శేషాచలం నీడ (చర్చ మొదలుపెట్టినవారు)

మూడేళ్లుగా ఒక పెద్ద కథ రాస్తున్నాను. తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు రాసేది కాబట్టి నత్తనడకే. కథ జరిగే చోటు ఏ పటంలోనూ లేదు, నేను కల్పించుకున్నది. పేరు ఏడుమడుగుల సీమ. కొండ కింద ఒకదాని దిగువన ఒకటిగా ఏడు చెరువులు. పై చెరువు నిండి మరవ (మిగులు నీరు పొర్లిపోయే గట్టు) పారితేనే కింది చెరువుకు నీళ్లు. వాళ్లకు రాత తెలియదు, లెక్కలన్నీ తాళ్లకు వేసిన ముడుల్లో ఉంటాయి. రాజు ఉన్నాడు గానీ ఏడాదికి ఒకసారి వచ్చి కప్పం తీసుకుని పోతాడు. ఊళ్లను నడిపేది తూమరులు అనే పూజారి వర్గం.

తూము అంటే చెరువుకు ఉండేదీ తూమే, ధాన్యం కొలిచేదీ తూమే. రెండూ వాళ్ల చేతిలో ఉన్నాయి కనుక ఆ పేరు పెట్టాను. పెట్టిన రోజు తెగ మురిసిపోయాను. ఇప్పుడు అక్కడే చిక్కు వచ్చింది.

వరుసగా మూడో ఏడు వానలు లేవు. పెద్ద తూమరి పై చెరువు తూముకు తాళం వేసి, గంగ నిద్రపోతోంది, లేపితే కోపగిస్తుందని చాటింపు వేయిస్తాడు. నిజానికి ఆ కాస్త నీటిని విత్తనపు మడి కోసం దాచాడు. కింది మూడు ఊళ్ల పైరు నిలువునా ఎండుతుంది. మరుసటి ఏడు వాన పడుతుంది, ఆ విత్తనంతోనే ఏడు ఊళ్లూ నాట్లు వేసుకుంటాయి.

చదివిన స్నేహితుడు ఒకే మాట అన్నాడు: "నీ తూమరులు దొంగలు, నువ్వు వాళ్లను వెనకేసుకొస్తున్నావు." నాకు అలా అనిపించడం లేదు. రాత లేని చోట, రాజు దూరాన ఉన్న చోట నీరూ విత్తనమూ పూజారుల చేతిలో ఉండటం ఊరికి కాపుదలా, లేక దోపిడీయా? మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కల మాస్టారు

మీ స్నేహితుడితో ఏకీభవిస్తున్నాను. నీటిని దాచడం తప్పు కాదు. గంగ నిద్రపోతోందని చెప్పడం తప్పు. విత్తనం కోసం దాస్తున్నామని నిజం చెబితే ఊళ్లు ఒప్పుకునేవో లేదో, కనీసం అడిగే అవకాశం ఉండేది.

ఇది కల్పన కనుక ఏమైనా రాయవచ్చు అంటారేమో. నిజంగా జరిగినది చూడండి. సుమేరు దేశంలో (ఇప్పటి దక్షిణ ఇరాక్) లగష్ అనే నగరం. క్రీస్తుపూర్వం 24వ శతాబ్దంలో ఉరుకగిన అనే పాలకుడు కొన్ని సంస్కరణలు చేసి మట్టి శంకువుల మీద రాయించాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. మనిషి చనిపోతే పూడ్చడానికి వచ్చిన పూజారి అంతకుముందు 7 జాడీల బీరు, 420 రొట్టెలు, దాని మీద ధాన్యం, బట్ట, మంచం కూడా పట్టుకుపోయేవాడట. దాన్ని 3 జాడీలకు, 80 రొట్టెలకు తగ్గించాడు. తగ్గించానని గొప్పగా చెప్పుకోవలసి వచ్చిందంటే అంతకుముందు ఎంత సాగిందో ఊహించుకోండి. శవం ఇంట్లో ఉండగా ఎవరు బేరం ఆడతారు?

మీ తూమరులకు ఉరుకగిన ఎక్కడ ఉన్నాడు? అడిగేవాడు లేని చోట కాపలాదారుకే ఆకలి పుడుతుంది.

అలమేలుమంగాపురం ఆడపడుచు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. పూజారి అనగానే పొట్ట నిమురుకుంటూ మోసం చేసేవాడు అని మనకు ఒక బొమ్మ ఉంది. నేను అర్చకుల ఇంట పుట్టినదాన్ని. మా ఇంట్లో పొట్టలు ఉన్నాయి, కాదనను. మిగతాది వినండి.

తిరుమలలో ఉదయం తోమాల సేవ అయ్యాక కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని ఆసనం మీద వేంచేపు చేసి, ఆ రోజు తిథి వార నక్షత్రాలు చదివి, ఆ తర్వాత ముందురోజు హుండీకి ఎంత వచ్చిందో దేవుడికి విన్నవిస్తారు. ఇన్ని రూపాయలు, ఇంత చిల్లర అని. అప్పుడు నైవేద్యం నువ్వులు, బెల్లం, శొంఠి కలిపిన పొడి. కోట్లు లెక్క చెప్పి శొంఠి పొడి పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ నవ్వు తెప్పిస్తుంది, అది వేరే సంగతి. అక్కడ లెక్క దేవుడికి చెబుతున్నారు, నిజమే. కానీ పైకి చదువుతున్నారు. పక్కన నిలబడ్డవాళ్లందరికీ వినపడుతుంది.

ఇంకొకటి. తెల్లవారుజామున బంగారు వాకిలి తెరిచేటప్పుడు అర్చకులు ఒక్కరే వెళ్లి తలుపు తీయరు. సన్నిధి గొల్ల దివిటీతో ముందు నడవాలి, జీయంగార్ల (అక్కడి వైష్ణవ మఠాధిపతుల) తరఫున ఏకాంగి అనే పరిచారకుడు ఉండాలి, దేవస్థానం ఉద్యోగులు ఉండాలి. ఆణివార ఆస్థానం నాడు తాళపుచెవుల గుత్తిని స్వామి పాదాల దగ్గర పెట్టి మళ్లీ తీసుకుంటారు. దాన్ని 'లచ్చన' అంటారు. గుడి పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్న కాలంలో లెక్కల సంవత్సరం ఆ రోజుతోనే మొదలయ్యేది.

కాబట్టి శేషాచలం గారూ, మీ తూమరులు దొంగలు కారు. మీరు వాళ్లను ఒంటరిగా వదిలేశారు. వంటవాడు, దివిటీ పట్టేవాడు, తలుపు దగ్గర ఉండేవాడు లేకుండా గుడి అనేది ఉండదు. ఆ మనుషులను రాయండి.

నీరుగంటి మనవడు

ఇంతమంది ఇన్ని చెప్పారు. తూముకు తాళం ఏమిటని ఒక్కరూ అడగలేదు.

మాది పలమనేరు వైపు. మా తాత నీరుగంటి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, చెరువు నీళ్లను ఏ మడికి ఎంత, ఏ పూట అన్నది చూసేవాడు నీరుగంటి. పాత చెరువుల్లో తూము ఎలా ఉంటుందంటే, కట్టకు లోపలి వైపు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబెట్టి, వాటికి అడ్డంగా రాతి పలకలు వేస్తారు. ఆ పలకల్లో రంధ్రం. రంధ్రం గుండా పొడుగాటి కొయ్య కిందికి దిగుతుంది. కొయ్య చివర బుంగమూతి లాంటి బిరడా. అడుగున ఉన్న రాతి కంతలో అది కూర్చుంటుంది. నీళ్లు కావాలంటే ఈదుకుంటూ వెళ్లి, స్తంభం ఎక్కి కొయ్యను పైకి లాగాలి. ఎంత లాగాలో కొయ్యకు ఉన్న గాట్లు చెబుతాయి. ఒక్కోసారి బిరడా బురదలో బిగుసుకుపోతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టి మునిగి, కాళ్లు రాతికి తన్నిపెట్టి కదపాలి. మా తాత కుడి భుజం ఎడమ భుజం కంటే ఒక అంగుళం కిందికి ఉండేది. చిన్నప్పుడు అందరి తాతలూ అలాగే ఉంటారనుకున్నాను.

ఈ పనికి జీతం లేదు. కోతలయ్యాక కళ్లంలో ప్రతి రైతూ కొలిచి ఇచ్చే మేర. ధాన్యం ఇంటికి పోకముందే కళ్లంలోనే ఇవ్వాలి, అది పద్ధతి. ఎవరికైనా నీళ్లు తక్కువ వదిలితే ఆ ఏడు మేరలో తెలిసిపోయేది.

చెరువుకు పూజ చేసేది వేరొకరు. గంగమ్మకు పొంగలి పెట్టి కొబ్బరికాయ కొడతారు, చాలా బాగా చేస్తారు. కానీ బిరడా లాగడం వాళ్లకు రాదు. మీ పెద్ద తూమరి కట్ట మీద నిలబడి ఎన్ని మంత్రాలైనా చెప్పనివ్వండి, నీళ్లలో దిగేవాడు దిగనంటే అంతే. మీ కథలో ఆ దిగేవాడు ఎవరు? అతనికి పేరు కూడా లేదు. దొంగా దొరా అని పూజారి గురించి కొట్టుకుంటున్నారు, చెరువు చూసినవాడు ఒక్కడూ కథలో లేడు.

కపిలతీర్థం గట్టు

మనవడి దెబ్బకు తాళం ఊడిపోయింది. శీర్షిక మార్చుకోండి అన్నా.

శేషాచలం నీడ

మార్చను, నా తప్పు అక్కడే ఉండనివ్వండి. మనవడు గారూ, మూడేళ్లలో ఒక్క చెరువు కట్ట ఎక్కి చూడలేదు. సిగ్గుగా ఉంది. గుత్తి, మొలలో దోపిన తాళంచెవి, అది నడుస్తుంటే గలగలమనడం, ఇవన్నీ రెండు పేజీలు రాశాను. కొట్టేస్తున్నాను.

పంచాంగం పిచ్చి

మీరందరూ నీటి చుట్టూ తిరుగుతున్నారు. నా దృష్టిలో పూజారి చేతిలో అసలు ఆయుధం రోజు. ఏ రోజు ఏరువాక, ఏ రోజు కోత, ఏ రోజు అప్పు తీర్చాలి. అది చెప్పగలిగినవాడికి తాళమూ అక్కరలేదు, బిరడా అక్కరలేదు.

రోములో చాలా కాలం న్యాయస్థానం ఏ రోజుల్లో నడుస్తుందో పూజారులకే తెలిసేది. క్రీస్తుపూర్వం 304లో గ్నేయస్ ఫ్లావియస్ అనే గుమాస్తా కొడుకు, కాదు, విముక్తి పొందిన బానిస కొడుకు (తనే గుమాస్తా), ఆ రోజుల పట్టికను తెల్ల పలక మీద రాసి బజారులో పెట్టాడు. పెద్దలకు ఒళ్లు మండింది. అధికమాసం ఎప్పుడు కలపాలన్నది మాత్రం అప్పటికీ పూజారుల చేతిలోనే ఉండిపోయింది. తమవాడు పదవిలో ఉంటే ఏడాదిని సాగదీసేవారు, కానివాడు ఉంటే కత్తిరించేవారు. చివరికి ఋతువులకూ నెలలకూ పొంతన లేకుండా పోయి, క్రీస్తుపూర్వం 46లో జూలియస్ సీజర్ సరిచేయవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క ఏడాదికే 445 రోజులు అయ్యాయి. అప్పటికి ప్రధాన పూజారి పదవిలో ఉన్నదీ సీజరే, ఇది మరీ రుచిగా ఉంటుంది.

ఏడుమడుగుల సీమలో ముడుల తాళ్లు ఎవరి దగ్గర ఉన్నాయి? ఆ ముడులు ఇంకెవరికైనా చదవడం వచ్చా? అది చెప్పండి, దొంగ ఎవరో నేను చెబుతాను.

లెక్కల మాస్టారు

పంచాంగం గారి ప్రశ్నే నాదీ. అమ్మా ఆడపడుచూ, మీరు చెప్పిన కొలువు నాకు కొత్త, బాగుంది. కానీ పైకి చదవడం వేరు, వినేవాడికి అడిగే హక్కు ఉండటం వేరు. ఇంకా, ఆ కాపలాలన్నీ పూజారులు తమంతట పెట్టుకున్నవి కావు. గుడి పాలన 1843లో ఈస్టిండియా కుంపిణీ వాళ్ల చేతి నుంచి మహంతులకు వెళ్లింది, 1933లో మహంతుల నుంచి దేవస్థానం కమిటీకి. అర్చకుల వంశపారంపర్య హక్కును, అంటే మిరాసీని, 1987లో చట్టం తీసేసింది, 1996లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. ప్రతిసారీ బయటి చెయ్యి పడింది. మీ సీమలో ఆ బయటి చెయ్యి లేదు.

అలమేలుమంగాపురం ఆడపడుచు

బయటి చెయ్యి పడ్డప్పుడల్లా మంచే జరిగిందని మీరు అనుకుంటున్నారు. మిరాసీ పోయిన తర్వాత మా పెదనాన్న గారు ఎన్నాళ్లు మాట్లాడకుండా కూర్చున్నారో నేను చూశాను. ఆయన దొంగ కాదు. దాని గురించి ఇంతకంటే రాయను.

కానీ గుడి నీళ్లు దాచుకుంటుంది అన్నదానికి మాత్రం ఒక్క జవాబు. విజయనగర కాలపు తిరుమల శాసనాలు చూడండి. భక్తులు ఇచ్చిన డబ్బును గుడి వాళ్లు పెట్టెలో పెట్టలేదు. దేవుడి ఊళ్లలో చెరువులకూ కాలువలకూ పెట్టారు. పెరిగిన పంటలోంచి ఆ దాత పేరున నైవేద్యం జరిపారు, ప్రసాదంలో నాలుగో వంతు దాతకు ఇచ్చారు. అంటే దేవుడి సొమ్ము ముందు చేలోకి పోయి, పంటై, తర్వాత పళ్లెంలోకి వచ్చింది. మీ తూమరులు కరువు రాకముందు ఆరేళ్లు ఏం చేశారో రాయండి శేషాచలం గారూ. పూడిక తీయించారా? తీయించి ఉంటే నీళ్లు మూయడానికి వాళ్లకు కొంత నోరు ఉంటుంది.

నీరుగంటి మనవడు

పూడిక మాట అన్నారు, దండం అమ్మా. అసలు ప్రశ్న అదే. మా వైపు దశబంధం మాన్యాలు ఉండేవి. చెరువు తవ్వించి బాగు చేసేవాడికి భూమి ఇచ్చేవారు. చెరువు పూడిపోయాక కూడా భూమి మాత్రం వాళ్ల మనవళ్ల పేరున ఉండిపోయిన ఊళ్లు ఎన్నో.

తాతయ్యగుంట వీధి

ఆలస్యంగా వచ్చాను. తిరుపతిలో మా వీధిలో మే నెలలో గంగ జాతర. కైకాల కుటుంబం వాళ్లు రోజుకో వేషం కడతారు. ఆ వారం రోజులూ వాళ్ల నోట వచ్చేది అమ్మవారి మాట, ఎంతటివాడైనా వాకిట్లో నిలబడి దండం పెట్టవలసిందే. చివరి రోజు విశ్వరూపం మట్టిబొమ్మ చెంప నరకగానే అయిపోయింది. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. మరుసటి రోజు అదే మనిషి మాతోపాటు టీ దుకాణం దగ్గర నిలబడి చిల్లర లేదని గొణుక్కుంటాడు.

మీ తూమరులను కూడా అలా చేయకూడదా? మరవ పారిన రోజు నుంచి కోత దాకానే పూజారి. ఆ తర్వాత మామూలు రైతు, అతని మడి కూడా కింది ఊళ్లోనే.

లెక్కల మాస్టారు

అతని మడి కింది ఊళ్లోనే. ఇది నాకు నచ్చింది. నేను వెనక్కి తగ్గినట్టు కాదు.

శేషాచలం నీడ

అధ్యాయం తిరగరాస్తున్నాను. తాళం తీసేశాను. ముడుల తాడు రెండు ప్రతులు, ఒకటి కింది ఊరి ముసలమ్మ దగ్గర. పెద్ద తూమరి మడి ఏడో చెరువు కింద పెట్టాను, అది కూడా ఎండుతుంది. అబద్ధం మాత్రం ఉంచాను మాస్టారూ, గంగ నిద్రపోతోందనే చెబుతాడు. మనిషి అలాగే చేస్తాడనిపించింది.

నీరుగంటికి పేరు పెట్టాను. కట్ట మీద పెద్ద తూమరి వద్దని అరుస్తుంటాడు, ఇతను ఊపిరి బిగబట్టి బిరడా కోసం మునుగుతాడు. అధ్యాయం అక్కడ ఆపాను. పైకి వచ్చాడో లేదో, లాగాడో లేదో చెప్పను.

నీరుగంటి మనవడు

బాగుంది గానీ, మునగడం ఏమిటండీ? మూడో కరువు ఏడు కదా. చెరువులో మోకాటి లోతు ఉంటే గొప్ప. కొయ్య మొత్తం బయటికే కనిపిస్తూ ఉంటుంది. పదేళ్ల పిల్లవాడు బురదలో నడిచి వెళ్లి పీకేయవచ్చు. నిండు చెరువుకు నీరుగంటి కావాలి. ఎండిన చెరువుకు కావలసింది కాపలా.

శేషాచలం నీడ

మీ ఊళ్లో కాపలా ఎవరు ఉండేవారు?

నీరుగంటి మనవడు

పై ఊరివాడు ఒకడు, కింది ఊరివాడు ఒకడు. తెల్లవార్లూ ఒకే మంట దగ్గర. మా తాత చెప్పేవాడు, ఒకడికి కునుకు పడితే రెండోవాడు లేపడు, కానీ తనూ పడుకోడు అని.